మా వాడ దీపం, మా అత్త చెయ్యి

కరెంటు స్తంభానికి దండం పెట్టేవాళ్లను మీరు చూశారో లేదో నాకు తెలియదు. ఎల్లారెడ్డిలో మా వాడంతా పెట్టేది. స్తంభానికి కాదు లెండి, దాని మీద వెలిగే దీపానికి. పొద్దు గూకి ఇంట్లో దీపం వెలగగానే రెండు చేతులు జోడించి కళ్లకు అద్దుకోవడం మన ఇండ్లల్లో ఉన్నదే. మా వాడలో ఆ దండం గడప దాటి వీధి దీపం దాకా వెళ్లింది. చుట్టపు చూపుగా వచ్చినవాళ్లెవరైనా అది చూసి నవ్వితే నాకు ఒళ్లు మండేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. అంటే అననీ.

ఆ దీపం పెట్టేది మా మేనత్త.

ఆమె మా బాపుకు అక్క. మహారాష్ట్ర సరిహద్దున, బిచ్కుంద దిక్కు ఇచ్చారు. పెండ్లయిన కొన్నాళ్లకే మామ జ్వరమొచ్చి పోయాడు. పిల్లల్లేరు. బాపు వెళ్లి తీసుకొచ్చాడు. ఒక ట్రంకు పెట్టె, కాసింత మరాఠీ, ఇంతే ఆమె అక్కడి నుంచి తెచ్చుకున్నది. ఆ మరాఠీ కూడా కోతులను తిట్టడానికే పనికొచ్చేది. మన తెలుగు తిట్లకు కోతులు కదలవని, మరాఠీలో తిడితే మాత్రం గోడ దిగి పోతాయని ఆమె గట్టి నమ్మకం. నేను చూసినంతవరకు అవి ఏ భాషకూ దిగిన పాపాన పోలేదు.

మా ఇంట్లో దీపం గోడ గూట్లో ఉంటుంది. దాన్ని వెలిగించేది మా అవ్వ. మా అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. అత్త ఆ గూటి దరిదాపుల్లోకి వెళ్లేది కాదు. ఎవరూ వద్దనలేదు. ఎవరికైనా అనే అవసరం రాకముందే ఆమె పక్కకు జరిగి నిలబడేది. భర్త పోయిన ఆడమనిషి ఇంటి దీపం ముట్టకూడదని ఆమెకు ఎవరు ఎప్పుడు నేర్పారో గానీ బాగా నేర్పారు. పొద్దున ఎవరైనా మంచి పనికి బయల్దేరుతున్నారని తెలిస్తే చాలు, చీపురు పట్టుకుని పెరట్లోకి పోయేది. ఎదురు రావొద్దని. పెండ్లి పందిట్లో ఆమెను వెతకాలంటే వంటల దగ్గరికి వెళ్లాలి. చిన్నప్పుడు నేను ఆమెకు సిగ్గు ఎక్కువ అనుకునేదాన్ని.

మా వాడకు వీధి దీపం వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. అప్పటికి నేను లంగా జాకెట్టు వేసుకునే పిల్లను. మా గోడను ఆనుకునే స్తంభం పాతారు. దాని పక్కనే మా గోడకొక ఇనుప డబ్బా, డబ్బాలో ఒక స్విచ్చు. ఆ స్విచ్చు వేస్తే మా స్తంభం మీది దీపం, వాడ వంపు దాకా ఉన్న మిగతా దీపాలు అన్నీ వెలుగుతాయట. తీగలు లాగిన లైన్‌మ్యాన్ కిందికి దిగి చేతులు దులుపుకుని, "సాయంత్రం ఏసి పొద్దున ఆర్పేటిదానికి ఎవ్వలన్న ఒక మనిషి కావాలె. ఎవ్వలుంటరు?" అని అడిగాడు.

చుట్టూ నిలబడ్డవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కరెంటంటే భయం. ఎవరికి పుట్టెడు పనులు లేవు? అప్పుడు మా తలుపు చాటు నుంచి ఒక గొంతు వచ్చింది. "నేనేస్త."

అందరూ అటు తిరిగారు. అత్త కొంగు నిండా కప్పుకుని నిలబడి ఉంది. ఆమె గొంతు అంతమంది ముందు వినడం నాకు అదే మొదలు. లైన్‌మ్యాన్ ఆమెకు పద్ధతి చూపించాడు. కాళ్ల కింద చెక్క పీట వేసుకోవాలి, చేతిలో ఎండిన కట్టె ఉండాలి, ఆ కట్టెతోనే స్విచ్చు నెట్టాలి. అత్త తల ఊపుతూ ఒక్కో మాట విన్నది. ఇంట్లో నుంచి తన పీట తెచ్చుకుంది. టేకు చెక్క పీట అది, ఆమె కూర్చుని కూరగాయలు తరిగేది. పొద్దు గూకే దాకా అందరం అక్కడే ఉన్నాం. పిల్లలు స్తంభం చుట్టూ మూగితే వాళ్లను అదిలించడానికి ఆమె గట్టిగా అరిచింది.

"దూరముండుండ్రి! దీపం పెడుతున్న!"

కట్టెతో నెట్టింది. పైన రెండు మూడు సార్లు మినుకు మినుకుమని, తెల్లగా వెలుగు పడింది. అబ్బ! మా వాడ మట్టి రంగు నేనప్పుడే మొదటిసారి చూసినట్టయింది. గోడల మీద మా నీడలు మాకంటే పెద్దగా లేచాయి. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అనుకోలేదు, అంతమంది చేతులూ వాటంతటవే జోడించుకున్నాయి. పెద్దవాళ్లు కళ్లకు అద్దుకున్నారు. అత్త పీట మీద నిలబడి పైకి చూస్తూనే ఉంది. దండం పెట్టడం ఆమె ఒక్కతే మరిచిపోయింది.

ఆ రోజు నుంచి ఆ అరుపు మా వాడకు గడియారమైంది. పిల్లలను అదిలించే పని పోయింది, అరుపు మిగిలింది. సాయంత్రం "దీపం పెడుతున్న!" అని వినపడిందంటే ఆరేసిన బట్టలు తియ్యాలి, పొయ్యి ముట్టించాలి, పొరుగింట్లో ముచ్చట పెట్టుకుని కూర్చున్నవాళ్లు లేవాలి. ఎక్కడివాళ్లు అక్కడ ఒక్క క్షణం ఆగి, వెలుగు పడగానే దండం పెట్టుకునేవాళ్లు. మా అవ్వ అయితే గూటి ముందు అగ్గిపెట్టె పట్టుకుని ఆ అరుపు కోసమే ఎదురుచూసేది. బయట వీధి దీపం, లోపల ఇంటి దీపం ఒకేసారి పడాలని ఆమె లెక్క. పగలంతా అత్తతో ఉప్పు దగ్గర, కోడి గుడ్డు దగ్గర, చాటలో బియ్యం దగ్గర లడాయి పెట్టుకునే మనిషి, ఆ ఒక్క అరుపుకు మాత్రం ఏనాడూ ఎదురు చెప్పలేదు.

మా వాడలోకి కొత్త కోడలు వస్తే ఆ పిల్ల అత్తగారు ఆమెను అరుగు మీదికి తీసుకొచ్చి, "దీపం పడుతుంది, దండం వెట్టు" అని నేర్పించేది. పొద్దున బజారుకు పోతూ మా అత్త ఎదురైతే అదే అత్తగారు వెనక్కి వెళ్లి మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరేది. ఈ రెండూ ఒకే మనిషి, ఒకే రోజులో. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నాకూ పెండ్లయి, ఇల్లరికం వచ్చిన మా ఆయనకు ఈ దండం సంగతి చెబుతున్నప్పుడే తట్టింది. పొద్దున ఎవరి మొహం చూడకూడదనుకున్నారో, సాయంత్రం ఆమె చేతి మీదుగా వచ్చిన వెలుగునే వాడ వాడంతా కళ్లకు అద్దుకుంటోంది! ఆ సంగతి అత్తకు తెలుసా అని చాలాసార్లు అడగాలనుకున్నాను. ఆమె పీట ఎత్తి స్తంభం దగ్గరికి నడిచే నడక చూస్తే అడగాల్సిన పని లేదనిపించేది.

వంపు అవతల కూడా స్తంభాలున్నాయి గానీ వాటికి దీపాలు ఎన్నడూ లేవు. ఆ దిక్కు ఇండ్లు తరువాత కట్టినవి. బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి వచ్చే ఆడవాళ్లు, కాలేజీ బస్సు దిగి వచ్చే ఆడపిల్లలు మా స్తంభం కింద ఆగి, తోడు దొరికితే వంపు దాటేవాళ్లు. అత్త పీట మీద కూర్చుని వాళ్లు చీకట్లోకి వెళ్లిపోయే దాకా చూసేది. కాసేపయ్యాక, "చేరిండ్రా?" అని కేకేసేది. "చేరినం అత్తా!" అని అటు నుంచి ఎవరో ఒకరు అనే దాకా లోపలికి వచ్చేది కాదు.

నాకు కామారెడ్డిలో కుట్టు దుకాణం ఉంది. పొద్దున బస్సెక్కి లింగంపేట మీదుగా పోతాను, సాయంత్రం అదే దారిన వస్తాను. దారంతా అడవి, అడవంతా కోతులు. ఒకప్పుడు అవి అడవిలోనే ఉండేవి. ఇప్పుడు మా ఇండ్ల మీద కాపురం. మొన్న ఎండాకాలం పోయి మొదటి గాలివానలు మొదలైన రోజుల్లో కోతుల మంద ఒకటి మా వాడ తీగల మీద ఊయలూగింది. పెద్ద గండు కోతి ఒకటి మా స్తంభం మీది ఇనుప కొమ్మ పట్టుకుని వేలాడింది. అత్త కింద నుంచి మరాఠీలో ఎంత తిట్టినా వినలేదు. కొమ్మ వంగింది, బుగ్గ పగిలింది, తీగల్లో ఏదో ఠప్పుమంది. బల్బును మా దగ్గర బుగ్గ అంటారు.

ఆ సాయంత్రం నేను బస్సు దిగి వాడలోకి వస్తున్నాను. అత్త పీట మీద నిలబడి ఉంది. బుగ్గ పగిలినా వంపు దాకా ఉన్న తక్కిన దీపాలు పడతాయని ఆమె ఆశ. "దీపం పెడుతున్న!" అని ఎప్పటిలాగే అరిచి కట్టెతో నెట్టింది. నేను నడుస్తూనే దండం పెట్టేశాను. ఎదురింటామె అరుగు మీద నిలబడి పెట్టింది. పాల క్యాను పట్టుకుని వస్తున్న ముసలాయన క్యాను కింద పెట్టి మరీ పెట్టాడు. పెట్టిన తరువాత తలెత్తి చూస్తే ఎక్కడా వెలుగు లేదు. చీకట్లో చేతులు జోడించుకుని నిలబడి ఉన్నాం.

పాలాయన ముందుగా నవ్వాడు. తరువాత అందరం నవ్వాం. అత్త నవ్వలేదు. మళ్లీ నెట్టింది, మళ్లీ నెట్టింది. పీట దిగి లోపలికి వచ్చి అన్నం వద్దని గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఉత్తదానికి దండం పెట్టిస్తిని గదనే," అంది నాతో. "నా చెయ్యి మంచిది కాదు. ఇన్నొద్దులు ఎట్లనో నడిచింది. ఇగ నడువదు."

"నీ చెయ్యికేమైంది వదినె? ఇరగ్గొట్టింది కోతి," అంది అవ్వ కంచంలో అన్నం పెడుతూ. "కోతి చేసినదానికి సుత నువ్వే బాధ్యురాలివైతె ఇగ ఈ ఊర్ల ఎవ్వలం బతకలేం. తిను."

అత్త తినలేదు. అప్పుడు నాకు భయం వేసింది. ఆమె జీవితంలో మంచిదని ఒప్పుకున్న పని ఆ చేతికి ఒక్కటే ఉంది. అది పోతే ఆమె మళ్లీ తలుపు చాటుకే పోతుంది.

మర్నాడు దుకాణం తెరవలేదు. మున్సిపల్ ఆఫీసుకు పోయి అడిగొస్తానంటే అత్త తానూ వస్తానంది. ఆమె ఆఫీసు మొహం ఎరగదు. ఉతికిన చీర కట్టుకుని, చెప్పులు తుడుచుకుని, నా కంటే ముందు వాకిట్లో నిలబడింది. దారిలో ఎవరో కొత్త బండికి పూజ చేయించుకుని వస్తుంటే చూసి, అలవాటుగా నా వెనక్కి తప్పుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ముందుకు లాగాను.

దీపాల పనులు చూసే ఇంజినీరు ఒక చిన్న వయసు అమ్మాయి. అత్తకు కుర్చీ వేయించింది. నేను వెళ్లేటప్పుడే నాలుగు మాటలు అనాలని సిద్ధం చేసుకుని పోయాను గానీ, ఆమె అంత మర్యాదగా మాట్లాడుతుంటే నా మాటలన్నీ గొంతులోనే ఉండిపోయాయి.

"పాత బుగ్గలు ఇప్పుడు ఏస్తలేం పెద్దమ్మా," అంది అత్తతో. "అన్నిటికి ఎల్.ఇ.డి. లైట్లే. కరెంటు తక్కువ కాలుతది, వెలుగు ఎక్కువొస్తది. మీరడిగిండ్రు గదా, మీ దిక్కే ముందుగాల ఏపిస్త."

నాకు సంతోషమైంది. కామారెడ్డిలో నా దుకాణం ముందు ఆ తెల్ల దీపాలు పడినప్పటి నుంచి నల్ల జాకెట్టు మీద నల్ల దారం కూడా నాకు కనిపిస్తోంది. ఆ సంగతి అత్తకు చెబుతూనే ఉంటాను. అత్త కూడా తల ఊపి, "మంచిది బిడ్డా," అంది. "మరి ఎన్నింటికి ఏయాలె?"

"ఎవ్వలు ఏసే పనే లేదు. దానికొక చిన్న కన్నుంటది పెద్దమ్మా. చీకటి వడుతున్నదంటె అదే చూసుకొని పడుతది. తెల్లారంగ అదే ఆరిపోతది."

"కన్నుంటదా?" అత్త కుర్చీలో ముందుకు జరిగింది. "వాన మబ్బు కమ్మితె?"

"చీకటైతె అప్పుడు సుత పడుతది."

"అవ్వో!" అని అత్త గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "మనిషి లేకుండనే మునిమాపును పోల్చుకుంటదా! ఎవ్వలు కనిపెట్టిండ్రే తల్లీ!" ఆమె మొహంలో నిజంగానే ఆశ్చర్యం. నా చిన్నప్పుడు ఆ తొలి దీపం వెలిగిన రోజు నేను చూసిన మొహమే అది. తరువాత మెల్లగా, "అయితె స్విచ్చు?" అని అడిగింది.

"స్విచ్చు ఉండది పెద్దమ్మా. ఆ డబ్బా తీసేస్తరు."

అత్త చేతులు రెండూ కొంగులోకి వెళ్లాయి. అది చూసి నాకు ఆగలేదు. "మేడమ్, మా స్తంభానికి స్విచ్చు ఉంచుండ్రి. లైటు కొత్తదే ఏయుండ్రి, స్విచ్చు పాతదే ఉండనియ్యుండ్రి. ఒక్క స్విచ్చు ఉంటే ఏం కొంప మునుగుతది?" అన్నాను. గొంతు లేచింది. పక్క బల్లల దగ్గరివాళ్లు తలెత్తి చూశారు.

ఆ అమ్మాయి ఏమీ అనుకోలేదు. "ఉంచరాదని కాదక్కా," అంది. "పాత తీగెకే కొత్త లైట్లు బిగిస్తే స్విచ్చు ఉండొచ్చు. గని ఆ పాత తీగె వంపు దాంక వచ్చి ఆగిపోయింది. అవతలి స్తంభాలకు పోదు. కొత్త తీగె గుంజితె వాడంత ఒక్కటే లైను, ఒక్కటే కన్ను, స్విచ్చు ఉండది. రెండిట్ల మీరేదంటె అదే. మీ వాడోల్లు, మీరే చెప్పుండ్రి."

ఆమె నన్ను చూసి అడిగింది. నేను అత్తను చూశాను. అత్త పైన తిరుగుతున్న ఫ్యాన్‌ను చూస్తోంది. స్విచ్చు ఉంచమనే అంటుందని ఎదురుచూశాను. అనాలని లోపల దేవుళ్లకు మొక్కాను కూడా. వాడలో ఎవరూ కాదనరు. వంపు అవతలివాళ్లు ఇన్నేండ్లు చీకట్లోనే పోయారు, ఇంకొన్నాళ్లు పోతారు అనుకున్నాను.

"వంపు అవతల ఆడివిల్లలు చీకట్ల పోతరు బిడ్డా," అంది అత్త. "చేరిండ్రా అని అడిగి అడిగి నా గొంతు పోతుంది. వాళ్లకు సుత పడేటట్టు ఏయి. స్విచ్చు వద్దు."

ఆటోలో ఇంటికి వస్తుంటే నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. "అత్తా, నువ్వేం చెప్పొచ్చినవో నీకు సమజైందా?" అన్నాను.

"నాకెందుకు సమజు గాదు? నేను సచ్చినంక ఎవ్వలు ఏస్తరు? కన్నున్నది మంచిదే గదా." ముందు కూర్చున్న ఆటో ఆయన వంక చూసింది. "మెల్లగ మాట్లాడు. ఆటో ఆయన మనం కొట్లాడుకుంటున్నమనుకుంటడు."

అన్న మాట ప్రకారమే కొద్ది రోజులకు బండి వచ్చింది. మనిషిని పైకెత్తే తొట్టి ఉన్న బండి. వాడ పిల్లలతో పాటు నేను కూడా నోరు తెరుచుకుని చూశాను. అంత లావు పాత దీపాలు దింపి, అరచేతంత పలుచని పలకల్లాంటివి పైన బిగించారు. ఇదా ఇంత వెలుగు ఇచ్చేది అనిపించింది. కొత్త తీగ వంపు దాటి వెళ్లింది. అవతలి ఇండ్లవాళ్లు పనివాళ్లకు చాయ్ కలిపి తెచ్చారు. చివరగా మా గోడ దగ్గరి ఇనుప డబ్బా విప్పారు. అది ఉన్నచోట గోడకు రంగు వెయ్యని నలుచదరపు మచ్చ మిగిలింది. ఎండిన కట్టెను ఎవరో పక్కకు విసిరేశారు. అత్త వెళ్లి తన పీట మాత్రం తెచ్చుకుంది. దాన్ని పెరట్లో బాగా కడిగి, ఎండబెట్టి, మళ్లీ కూరగాయల పీటలాగే వంటింటి గోడకు ఆనించింది.

సాయంత్రం అయింది. వాడలో అందరూ బయటే ఉన్నారు. అత్త మాత్రం లోపలి అర్రలో గోడకు ఆనుకుని కూర్చుంది. "రా అత్తా, చూద్దువు గని," అన్నాను. "మీరు చూడుండ్రి, నేను చూసి ఏం చేస్త," అంది. అవ్వ గూటి ముందు అగ్గిపెట్టె పట్టుకుని నిలబడి ఉంది. నేను గడపలో నిలబడ్డాను.

ఎక్కడా చప్పుడు లేదు. ఎవరి చెయ్యీ కదలలేదు. ఆకాశం చింతపండు రంగుకు తిరిగింది. అంతలో మా స్తంభం మొదలుకుని వంపు దాకా, వంపు తిరిగి అవతలి చివరి ఇంటి దాకా, ఒక్కసారిగా వెలుగు పరుచుకుంది. పుట్టి పెరిగిన వాడ కదా, ప్రతి రాయీ తెలుసనుకున్నాను. మా వాడ అంత పొడుగని నాకు ఆ రోజే తెలిసింది. వేపచెట్టు ఒక్కో ఆకూ విడిగా కనిపిస్తోంది. ఎదురింటి కొత్త కోడలు చీర అంచు నీలమని, నలుపు కాదని కనిపిస్తోంది. అవతల నుంచి ఆడపిల్లలు వంపు తిరిగి ఇవతలికి పరుగెత్తుకొచ్చి, ఉత్తపుణ్యానికే మళ్లీ అవతలికి పరుగెత్తారు. వాళ్లను చూసి వాళ్ల అమ్మలు నవ్వారు, ఒకామె కళ్లు తుడుచుకుంది.

చాలాసేపు అలా చూశాక నాకు ఏదో వెలితిగా అనిపించింది. ఎవరూ దండం పెట్టలేదు. నేనూ పెట్టలేదు. వెలుగు అంత ఉంది, చేతులు లేవలేదు.

ఎదురింటామె అరుగు మీద నుంచి నన్ను పిలిచింది. "మీ అత్త ఏది? పిలుపు వినవడలే. ఇయ్యాల నేను ఇంక పొయ్యే ముట్టియ్యలే."

"నేను బట్టలు తియ్యలే," అంది పక్కింటామె. "పొద్దు గూకినట్టే లేదు."

పాల ముసలాయన స్తంభం కింద క్యాను దింపి, పైకి చూసి, మా గోడ మీది నలుచదరపు మచ్చ చూసి, దండం పెట్టాలో వద్దో తెలియక చేతులు సగంలో ఉంచుకుని నిలబడ్డాడు.

వెనక్కి తిరిగి చూస్తే అవ్వ ఇంకా గూటి ముందే ఉంది. వాడంతా పట్టపగల్లా ఉంది, మా గూడు చీకటి. అగ్గిపుల్ల ఒకటి తీసింది, మళ్లీ పెట్టెలో పెట్టింది. ఇంకోటి తీసింది. విసుక్కుంది. గబగబా వంటింటి గోడ దగ్గరికి వెళ్లి పీట తీసుకొచ్చి గూటి కింద ధన్‌మని వేసింది. అర్రలోకి వెళ్లి అత్త ముందు నిలబడింది.

"లే వదినె."

"ఎందుకే?"

"నా చెయ్యి లేస్తలేదు. ఇన్నేండ్లు నువ్వు ఒర్రితెనే నేను పుల్ల గీకిన. ఇయ్యాల నువ్వు సప్పుడు జేస్తలేవు, నాకు అగ్గిపుల్ల గీకబుద్ధి అయితలేదు. లే. దీపం నువ్వే పెట్టు."

అత్త ఆమెను వింతగా చూసింది. "నేనా? ఇంట్ల దీపమా? నీకు పిచ్చి లేచిందానే? నేను పెట్టరాదు."

"వాడంతకు పెట్టినవ్. పెండ్లి పిల్లలకు పెట్టినవ్, బాలెంతలకు పెట్టినవ్. ఎవ్వల ఇల్లు ఆగమైంది చెప్పు! ఇంటికి పెట్టనీకె నీకేమొచ్చింది?" అవ్వ గొంతు లడాయి గొంతే. కళ్లల్లో మాత్రం నీళ్లు తిరుగుతున్నాయి. "నేను ముందుగాలే అనాల్సింది. అనలే. ఇప్పుడన్న లే వదినె, కాళ్లు గుంజుతున్నయ్ నాకు."

అత్త బాపు వంక చూసింది. బాపు మంచం మీద నుంచి లేచి నిలబడి ఉన్నాడు. అక్క నడవడానికి దారిలో ఉన్న చెప్పులు పక్కకు జరిపాడు.

ఆమె వచ్చింది. కొంగు నిండా కప్పుకుంది. పీట మీద ఎక్కి నిలబడింది. ఆ గూడు ఆమెకు పీట లేకుండానే అందుతుంది, అయినా ఎక్కింది. అవ్వ ఆమె చేతిలో అగ్గిపెట్టె పెట్టింది. అత్త పుల్ల తీసి పట్టుకుంది. గీకబోయి ఆగి, ఏండ్లకేండ్లుగా ఆ క్షణంలో నోరు చేసే పనే చేసింది. తల గడప వైపు తిప్పి, గొంతెత్తి అరిచింది.

"దీపం పెడుతున్న!"

బయట మాటలు ఆగిపోయాయి. నేను గడపలో పక్కకు జరిగాను. ఆ తెల్లని వెలుగంతా వాళ్ల నెత్తుల మీద ఉంది. ఎదురింటామె, ఆమె కొత్త కోడలు, పక్కింటివాళ్లు, వంపు అవతలి ఆడపిల్లలు, పాల ముసలాయన అందరూ స్తంభం వైపు కాకుండా మా గడప వైపు తిరిగారు. లోపల పుల్ల గీకిన చప్పుడైంది. వత్తి అంటుకుంది. గోరంత వెలుగు. బయట అన్ని చేతులూ ఒకేసారి లేచాయి, కళ్లకు అద్దుకున్నాయి. మా అవ్వ చేతులు, మా బాపు చేతులు కూడా. నా చేతులు ఎప్పుడు లేచాయో నాకు తెలియదు. నేనిన్నేండ్లు దండం పెట్టింది ఆ దీపానికి కాదని, ఈ చేతికేనని నాకు అప్పుడు తెలిసింది. నేను ఏడుస్తున్నానని కూడా అప్పుడే తెలిసింది.

అత్తకు ఇవేవీ పట్టలేదు. పీట మీద నిలబడి దీపాన్నే చూస్తోంది. చేతిలో పుల్ల ఇంకా మండుతూనే ఉంది.

"పుల్ల పడెయ్ వదినె," అంది అవ్వ, "చెయ్యి కాలుతది."